ఫొటో పెడితే ఉతికి ఆరేస్తున్నారు, మీరెలా తట్టుకుంటున్నారు?

తడ_కుర్రోడు
అందరికీ నమస్తే. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద, పులికాట్ నీళ్ల మధ్య ఫ్లెమింగోల గుంపు కనిపిస్తే తీశాను. ఫొటో తీసుకెళ్లి ఒక పెద్ద గ్రూపులో పెట్టానో లేదో మీద పడిపోయారు. "ఇలాంటివి పెట్టడానికి సిగ్గుండాలి", "లెన్స్ అమ్మేసి సెల్‌ఫోన్ కొనుక్కో", "మా మనవడు నయం". ఫొటో షార్ప్‌గా లేదని నాకూ తెలుసు. షట్టర్ వేగం సెకనులో 1/2000 వంతు పెట్టాను, ఫోకస్ పాయింట్ పక్షి మీదే ఉంది, అయినా ఎందుకలా వచ్చిందో అర్థం కాక, ఎవరైనా చెప్తారేమో అనే పెట్టాను. పోస్టు తీసేశాను కానీ ఆ మాటలు మాత్రం బుర్రలోంచి పోవట్లేదు. కెమెరా బ్యాగు అలాగే పడుంది. మీకూ ఇలాంటివి జరిగే ఉంటాయిగా, ఏం చేశారు?

ఆటపాక_అల్లుడు
తమ్ముడూ, ముందు ఫొటో సంగతి. ఎన్ని గంటలకి తీశావు? ఎండెక్కాక అయితే అది నీ తప్పూ కాదు, లెన్స్ తప్పూ కాదు, వేడిగాలి. లోతు లేని నీళ్లు, బురద, తారు రోడ్డు, వీటి మీద గాలి సెగలా కదులుతూ ఉంటుంది. పక్షి ఎంత దూరంలో ఉంటే అంత గాలి మధ్యలో అడ్డం. లక్షలు పోసి కొన్న 600 ఎంఎం లెన్స్ పెట్టినా అంతే, పైగా సాఫ్ట్‌వేర్లో షార్ప్‌నెస్ పెంచితే ఇంకా పాడవుతుంది.

తేడా ఎలా పట్టాలంటే, బరస్ట్‌లో, అంటే బటన్ నొక్కి పట్టి టకటకా తీసిన ఫ్రేములు వరసగా పెద్దవి చేసి కాళ్లు చూడు. ఒక ఫ్రేములో కాలు ఒక చోట వంకర, తర్వాతి దాంట్లో ఇంకో చోట వంకర ఉంటే వేడిగాలి. ఫ్రేమంతా ఒకే వైపు గీసినట్టు ఉంటే చెయ్యి కదిలింది. ముందున్న గడ్డో వెనకున్న గట్టో షార్ప్‌గా ఉండి పక్షి మసగ్గా ఉంటే, అప్పుడు ఫోకస్ తప్పింది. ఇప్పుడు చెప్పు, అంతమంది తిట్టారు కదా, ఈ ముక్క ఒక్కరైనా చెప్పారా? లేదంటే వాళ్లకీ తెలియదన్నమాట. తెలియని వాళ్ల మాటకి బ్యాగు మూలన పడేయడమేంటి?

స్లైడ్_ఫిల్మ్
నేను ఆ తిట్టే బాపతే. మీ ఫొటో కింద కాదులెండి. స్లైడ్ ఫిల్మ్ కాలంలో రోలుకి 36 ఫ్రేములు, ఎక్స్‌పోజర్, అంటే ఫిల్మ్ మీద పడే వెలుతురు, కాస్త అటూ ఇటూ అయినా డబ్బులు గంగపాలు. క్లబ్బులో ప్రొజెక్టర్ మీద వేస్తే పెద్దాయన అందరి ముందూ "తర్వాతది వెయ్యి" అనేవాడు, అంతే. ఎందుకు బాలేదో టీ తాగుతూ చెప్పేవాడు. ఇప్పుడు ఆ టీ దగ్గర మాట పోయింది, "తర్వాతది వెయ్యి" మాత్రం మిగిలింది. అది ఒప్పుకుంటాను. కానీ "సూపర్ అన్నా", "కిరాక్ షాట్" అని వంద కామెంట్లు పడితే మాత్రం ఎవడికి ఉపయోగం?

ఇంకోటి. గూళ్ల దగ్గర తీసిన ఫొటో కనిపిస్తే నేను మెత్తగా మాట్లాడను. ఫ్రేము శుభ్రంగా రావాలని గూటి చుట్టూ ఆకులు తుంచేసి, కొమ్మలు పక్కకి కట్టేసి తీస్తారు. తీసినవాడు సాయంత్రానికి ఇంటికెళ్లిపోతాడు, పిల్లలు ఎండకి మాడతాయి, లేదా కాకి కంట పడతాయి. గుడ్లగూబకి ఎలకని ఎర వేయడం, ఫోన్లో కూత పెట్టి పిట్టని పదేపదే బయటికి లాగడం కూడా అంతే. ఇక్కడ "బాగా తీశారు గానీ చిన్న సలహా" అనడం నా వల్ల కాదు.

మంజీర_ఒడ్డు
స్లైడ్ ఫిల్మ్ గారూ, పిట్ట కోసం తిడితే నేనూ మీ పక్కనే. కానీ నాకొచ్చే కామెంట్లు వేరే. "ఎవరు తీసిచ్చారు మేడమ్?", "మీ ఆయన కెమెరానా?" ఇందులో ఫొటో ఎక్కడుంది? ఇన్‌బాక్స్ గురించి అసలు చెప్పను. ఇలాంటివాటికి జవాబివ్వడం మానేశాను, బ్లాక్ చేసి పోతున్నాను. ఓర్చుకోవాలి, చర్మం మందంగా ఉండాలి అని సలహాలిచ్చేవాళ్లంతా, విచిత్రంగా, ఇవి ఎప్పుడూ పడనివాళ్లే.

మోటుగా ఉన్నా పనికొచ్చిన మాట ఒకటి చెప్తాను. చీకటి పొదల ముందు నిలబడ్డ తెల్లకొంగ ఫొటో పెడితే ఒకాయన "కొంగ ఏదమ్మా, చింపిన కాగితం ముక్క కనిపిస్తోంది" అన్నాడు. ఒళ్లు మండింది. కానీ చూస్తే నిజమే, వెనక అంతా నల్లగా ఉంటే కెమెరా దాన్ని చూసి వెలుతురు పెంచేస్తుంది, తెలుపు కాలిపోయి ఈకల గీతలన్నీ మాయం. ఇప్పుడు తెల్ల పక్షి అనగానే ఎక్స్‌పోజర్ మైనస్‌లోకి దించి, స్క్రీన్ మీద తెలుపు మిణుకుమంటోందేమో (కాలిపోయిన చోటుని కెమెరా అలా చూపిస్తుంది) చూసుకుంటున్నాను. ఆయన మాత్రం ఇప్పటికీ అలాగే మాట్లాడతాడు, ఆ నోరు మారదు.

తడ గారూ, "ఎలా ఉంది?" అని పెట్టకండి. సెట్టింగులు, టైమ్, దూరం రాసి "కాళ్ల దగ్గర ఎందుకు మసక?" అని అడగండి. తెలిసినవాళ్లు ఆగుతారు, తెలియనివాళ్లు చాలావరకు జారుకుంటారు.

నవ్వుల_నక్క
బ్రో లైట్ తీస్కో. నా నెమలి ఫొటోకి "ఏఐ తో చేశావా" అన్నారు. అది మా మేడ మీద తిరిగే నెమలి.

పాలమూరు_పిట్ట
నక్క భయ్యా నవ్వులాటగా చెప్పాడు కానీ ఇప్పుడు పెద్ద తలనొప్పి అదే, అనుమానం. దసరా ముందు ఒక గ్రూపులో ఒకాయన పాలపిట్ట ఫొటో పెట్టాడు. కళ్లకి కళ్లు ఎదురుగా, క్లోజప్, అందరూ ఆహా ఓహో. ఒకరు మాత్రం పెద్దది చేసి చూసి, కాలి మీద దారం ఒరుసుకున్న గుర్తు, రెక్క చివర ఈకలు జిగురు పట్టినట్టు అతుక్కుని ఉండటం గుర్తుపెట్టి చూపించారు. పండగకి దర్శనం మంచిదని పిట్టల్ని పట్టి పంజరాల్లో తిప్పి డబ్బులు అడుగుతారు కదా, అలాంటి పిట్ట. అది చట్టరీత్యా నేరం. చూపించినాయన రాసింది రెండే వాక్యాలు, ఒక్క తిట్టు లేదు.

తర్వాత మిగతావాళ్లు దిగారు. పోస్టు పెట్టినాయన ఉద్యోగం ఎక్కడ, ఇల్లెక్కడ, భార్య ప్రొఫైల్ ఏది, అక్కడిదాకా పోయింది. ఆ గోలలో పిట్టని ఎక్కడ చూశారు, పట్టినవాళ్లు ఎవరు, అటవీ శాఖకి ఎవరైనా చెప్పారా అని అడిగినవాళ్లు లేరు. నాకు బాధనిపించింది అందుకే.

లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ల వైల్డ్‌లైఫ్ పోటీలో కూడా ఇలాంటివి జరిగాయి. 2009లో గెలిచిన తోడేలు ఫొటోని, అది మచ్చికైన తోడేలు అయ్యుండొచ్చని తేల్చి 2010 జనవరిలో కొట్టేశారు. 2017లో ఒక విభాగంలో గెలిచిన యాంట్ఈటర్ (చీమలు తినే జంతువు) ఫొటోని 2018లో తీసేశారు, అది చచ్చిన జంతువు తోలుతో చేసిన బొమ్మ అయ్యుండొచ్చని. తీసినవాళ్లు ఇద్దరూ ఒప్పుకోలేదు. రెండోసారి అయితే ఐదుగురు శాస్త్రవేత్తలు ఎవరికి వారు విడిగా పరిశీలించాకే నిర్ణయం. అంత పెద్ద సంస్థకే నెలలు పట్టింది, మనవాళ్లు టీ చల్లారేలోపు తీర్పు చెప్పేస్తారు. కాబట్టి రా (RAW) ఫైలు, అంటే కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైలు, డిలీట్ చేయకండి, ముందూ వెనకా ఫ్రేములు కూడా ఉంచుకోండి. ఎవరైనా మర్యాదగా అడిగితే చూపించొచ్చు.

ఎడిసన్_ఏట్రింత
న్యూజెర్సీ నుంచి. ఇక్కడ గొడవంతా లొకేషన్ మీద. చలికాలం గుడ్లగూబ ఎక్కడుందో చెప్పకపోతే "దాచుకుని ఏం చేసుకుంటావ్, స్వార్థం" అంటారు. చెప్తే తెల్లారేసరికి చెట్టు చుట్టూ కార్లు. పక్షులు ఎక్కడ కనిపించాయో నమోదు చేసే ఈబర్డ్ సైటు కూడా ముప్పు ఉన్న జాతుల చోటు అందరికీ చూపించదు, ఆ మాట ఒక్కటి చెప్పి ఊరుకుంటాను. తిట్టేవాళ్లు ఎలాగూ తిడతారు.

స్లైడ్_ఫిల్మ్
పాలమూరు గారు చెప్పిన ఆ రెండు వాక్యాలాయన పద్ధతి మంచిదే. నాకు అంత ఓపిక లేదు, గూడు ఫొటో చూస్తే ఇప్పటికీ తిడతాను. భార్య ప్రొఫైల్ దాకా వెళ్లడం మాత్రం రౌడీయిజమే.

తడ_కుర్రోడు
అన్నా, ఫ్రేములు తీసి చూశాను. అచ్చం మీరు చెప్పినట్టే, కాళ్లు ఒక్కో ఫ్రేములో ఒక్కోలా వంకర తిరిగి ఉన్నాయి. పదకొండు దాటాక తీసినవి. ఈ ఆదివారం తెల్లవారుజామునే వెళ్దామనుకుంటున్నా. రోడ్డుకి ఏ వైపు నిలబడితే మంచిది?

ఆటపాక_అల్లుడు
చలికాలం పొద్దున సూర్యుడు ఆగ్నేయం నుంచి వస్తాడు. శ్రీహరికోట వైపు వెళ్తుంటే ఎడమ పక్క, అంటే ఉత్తరం పక్క గుంపు చూసుకో, వెలుగు నీ వెనక నుంచి పడుతుంది. కారు పూర్తిగా రోడ్డు దించి ఆపు, వాహనాలు స్పీడుగా వస్తాయి. దిగకు. అద్దం దించి, కిటికీ మీద దిండు వేసి లెన్స్ దాని మీద పెట్టు, ఇంజిన్ ఆపెయ్, లేకపోతే ఆ వణుకు కూడా ఫొటోలోకి వస్తుంది. కారు లోపల ఏసీ వేసి ఉంటే అద్దం దించిన వెంటనే తీయకు, లోపలి గాలీ బయటి గాలీ కలిసి అదే మసక మళ్లీ వస్తుంది, కాసేపు ఆగు. దూరంగా ఉన్నవాటి వెంట పడకుండా దగ్గరికి వచ్చినవాటినే తీయి. ఎనిమిదిన్నర తొమ్మిదికల్లా సర్దేసి టిఫిన్‌కి సూళ్లూరుపేట వచ్చేయ్.