నాలుగేళ్ళ బాబుకి ఐక్యూ పరీక్ష చేయించమంటున్నారు, చేయించాలా?

ఎంవీపీ కాలనీ అమ్మ

మా బాబుకి నాలుగేళ్ళు నిండి రెండు నెలలు. ఎల్‌కేజీ చదువుతున్నాడు. మేమెవరం కూర్చోబెట్టి నేర్పలేదు గానీ మూడో ఏట నుంచే షాపుల బోర్డులు, బస్సుల మీద పేర్లు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ గడగడా చదివేస్తున్నాడు. 'క్ష', 'జ్ఞ' దగ్గర కూడా తడబడడు. భీమిలి వెళ్ళే 900కె బస్సు కనిపిస్తే స్టాపులన్నీ వరసగా అప్పజెప్తాడు. అదే పిల్లాడు చొక్కా గుండీ పెట్టుకోలేడు. పెన్సిల్ పట్టుకోమంటే ఏడుపు. కుక్కర్ కూత వేస్తే చెవులు మూసుకుని మంచం కిందకి దూరిపోతాడు.

పోయిన వారం స్కూలు వాళ్ళు పిలిచారు. మీవాడు మామూలు పిల్లాడు కాదు, ముందు వేలిముద్రల పరీక్ష చేయిస్తే మెదడులో ఏ భాగం బలంగా ఉందో తెలుస్తుంది, తర్వాత ఐక్యూ రిపోర్టు తెస్తే వచ్చే ఏడు నేరుగా ఒకటో తరగతిలో కూర్చోబెడతాం అన్నారు. వేలిముద్రలకే ఐదు వేలట. మా ఆయన వెంటనే కట్టేద్దాం అంటున్నారు. మా అత్తగారు దిష్టి తగులుతుంది, బయట ఈ మాటే ఎత్తొద్దంటున్నారు. నాకు రెండు వైపులా భయమే. ఇంత చిన్న వయసులో ప్రతిభని నిజంగా గుర్తుపట్టొచ్చా?

ఉక్కునగరం తాతయ్య

అమ్మా, నేనైతే వద్దనే చెప్తాను. స్టీల్‌ప్లాంట్‌లో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను, ట్రైనీలకు పాఠాలు చెప్పాను. మార్కుల కాగితం చూసి వేసుకున్న అంచనాలు నా కళ్ళముందే చాలాసార్లు తారుమారయ్యాయి.

అమెరికాలో లూయిస్ టెర్మన్ అనే ప్రొఫెసరు 1921లో ఐక్యూ పరీక్షలు పెట్టి సుమారు 1,500 మంది పిల్లల్ని మేధావులని ఏరాడు, వాళ్ళని పెద్దయ్యేదాకా గమనించాడు. వాళ్ళలో చాలామంది చక్కగా స్థిరపడ్డారు గానీ ఒక్కరికీ నోబెల్ రాలేదు. అదే పరీక్షలో గీటు దాటలేదని పక్కన పెట్టిన పిల్లల్లో ఇద్దరికి వచ్చింది. విలియం షాక్లీకి 1956లో, లూయిస్ అల్వారెజ్‌కి 1968లో, ఇద్దరికీ ఫిజిక్స్‌లోనే.

మన రామానుజన్‌నే తీసుకోండి. లెక్కలు తప్ప మిగతావి పట్టించుకోక కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు. 1905 ఆగస్టులో ఇల్లు విడిచి పారిపోయాడు. ఎటు బయల్దేరాడనుకున్నారు? మన విశాఖపట్నం వైపే. మధ్యలో రాజమండ్రిలో నెల్లాళ్ళు ఉన్నాడంటారు. అప్పుడు అతనికి పదిహేడేళ్ళు. పదిహేడేళ్ళకే కాలేజీ పరీక్షలు అతన్ని పట్టుకోలేకపోతే నాలుగేళ్ళ పసివాడి మీద మనం ఏ ముద్ర వేస్తాం?

గాజువాక నాన్న

తాతయ్యగారూ, పెద్దవారు, మీ మాట మీద గౌరవముంది. అయినా ఒప్పుకోలేను. మా అమ్మాయి కథ వినండి.

ఒకటో తరగతిలో పాఠం మొదటిసారి వినగానే అర్థమైపోయేది. తర్వాత నలభై నిమిషాలు ఏం చెయ్యాలో తెలిసేది కాదు. పక్కవాళ్ళతో మాట్లాడేది, లేచి తిరిగేది. అల్లరి పిల్ల, బుద్ధి నిలవదని డైరీలో ఎర్ర సిరా. నేనూ నమ్మేశాను. ఒకసారి చెయ్యి చేసుకున్నాను కూడా. ఆ సంగతి ఇక్కడ రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తోంది. మూడో తరగతిలో ఒక డాక్టరుగారు సైకాలజిస్టు దగ్గరకి పంపిస్తే, మీ అమ్మాయికి బుద్ధి నిలవకపోవడం కాదండీ, పాఠం చాలడం లేదు అన్నారు. ఆ రిపోర్టు పట్టుకెళ్ళి చూపించాకే టీచరు ఆమెకి వేరే లెక్కలు ఇవ్వడం మొదలెట్టారు. నాలుగు నెలల్లో పిల్ల మళ్ళీ నవ్వింది.

ముద్ర వేస్తే నష్టమంటున్నారు. మా ఇంట్లో 'అల్లరి పిల్ల' అన్న ముద్ర అప్పటికే పడి ఉంది, దాన్ని తుడిచింది ఆ పరీక్షే.

మద్దిలపాలెం కౌన్సిలర్

పిల్లల మానసిక ఎదుగుదల మీద పనిచేస్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ ఐదు వేలు కట్టకండి. వేలి గీతలు తల్లి కడుపులో ఉండగానే ఏర్పడతాయి, నిజమే. కానీ వాటిని చూసి తెలివి ఏ రకమో, ఎంతో చెప్పడానికి శాస్త్రీయ ఆధారం లేదు. కళ్ళకు గంతలు కట్టి చదివించే 'మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్' శిబిరాలదీ ఇదే దారి. గంత కింద ముక్కు పక్కన సందు ఉంటుంది, పిల్లలు అందులోంచి చూస్తారు. పిల్లలకి అబద్ధం అలవాటు చేయడం తప్ప అక్కడ జరిగేదేమీ లేదు.

ఐక్యూ పరీక్ష సంగతి వేరు. దానికి పద్ధతి ఉంది, మూడేళ్ళ నుంచి చేయదగ్గ బినే-కామత్ లాంటివి మన దేశంలో వాడుకలో ఉన్నాయి. సగటు 100. 130 దాటేవాళ్ళు నూటికి ఇద్దరు. కానీ ఆరేళ్ళలోపు వచ్చిన అంకె నిలకడగా ఉండదు. ఆ రోజు నిద్ర చాలకపోయినా, కొత్త మనిషిని చూసి బెదిరినా మారిపోతుంది. అసలు 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే ఈ పరీక్ష తయారుచేసింది మేధావుల్ని ఏరడానికి కాదు, బడిలో ఎవరికి అదనపు సాయం కావాలో తెలుసుకోవడానికి. గాజువాక నాన్నగారి అమ్మాయి విషయంలో జరిగిందీ అదే. అక్కడొక ఇబ్బంది ఉంది, పరీక్ష దానికి కారణం చూపించింది.

ఇక మీ బాబు గురించి. బోర్డులు చదవడం ఒక్కటే చూసి నేను ఏమీ తేల్చను. అక్షరాన్ని శబ్దంగా మార్చే శక్తి వేరు, చదివింది అర్థం చేసుకోవడం వేరు. మొదటిది చాలా ముందుగా వచ్చి రెండోది వెనకబడితే దాన్ని హైపర్‌లెక్సియా అంటారు. కొందరు పిల్లల్లో అది ఆటిజంతో కలిసి కనిపిస్తుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. శబ్దాలకి అంత బెదరడం, వేళ్ళ పట్టు లేకపోవడం మీరే రాశారు కాబట్టి, ఐక్యూ కంటే ముందు పిల్లల ఎదుగుదల చూసే డాక్టరుకి చూపించండి, చెవి, కన్ను పరీక్ష చేయించండి. అంతా బాగుండొచ్చు కూడా. చురుకైన పిల్లల్లో ఎదుగుదల సమంగా సాగదు. ఆరేళ్ళ బుర్రతో ఆలోచిస్తారు, నాలుగేళ్ళ వేళ్ళతో రాస్తారు, మూడేళ్ళ పిల్లాడిలా ఏడుస్తారు. తెలివి, ఇబ్బంది రెండూ ఒకే పిల్లాడిలో ఉండటమూ కొత్త కాదు.

ఇంట్లో ఒకటి గమనించండి. రాజధానులు, ఎక్కాలు, వేమన పద్యాలు అప్పజెప్పడం జ్ఞాపకశక్తి. తెలిసినదాంతో తనంతట తాను ఏం చేస్తున్నాడో చూడండి. నాలుగున్నరేళ్ళ పాప ఒకత్తె నా దగ్గర పొడుపుకథ కట్టింది. "నీళ్ళల్లో ఉంటుంది, చేప కాదు. పొగ వస్తుంది, పొయ్యి కాదు." ఓడట. వాళ్ళమ్మ చెప్పిన పొడుపుకథల వరస పట్టుకుని, బీచిలో చూసినదాన్ని అందులో ఇమిడ్చింది. ఆ పాపకి అప్పటికి అక్షరాలు రావు.

జాలరిపేట అంగన్‌వాడీ టీచర్

కౌన్సిలరుగారు ఓడ అన్నారు కాబట్టి నేనూ ఓడ సంగతే చెప్తానండి. మా కేంద్రానికి ఐదేళ్ళ గుంటడొకడు వస్తాడు. వాళ్ళ నాన్న బోటు మీద వేటకెళ్తాడు. ఒకరోజు దూరంగా లంగరేసిన ఓడని చూపించి "టీచరమ్మా, అది ఖాళీ ఓడ" అన్నాడు. ఎలగ తెలిసిందిరా అంటే, "కింద ఎర్రరంగు పైకి కనపడతంది కదా, సరుకుంటే ములిగిపోద్ది" అన్నాడు. ఎవరు చెప్పార్రా అంటే ఎవరూ చెప్పలేదన్నాడు. వచ్చే ఓడ, పోయే ఓడ రోజూ చూసి వాడే పోల్చుకున్నాడు. సాయంత్రం వాళ్ళ నాన్నని అడిగితే నిజమేనన్నాడు.

ఈ గుంటడు ఒక్క బోర్డూ చదవలేడు. పెన్సిల్ పరీక్ష పెడితే వెనకబడ్డాడనే రాస్తారు. ఐదు వేలు, పది వేలు పెట్టి పరీక్ష చేయించేవాళ్ళు వీడికెవరున్నారు? 2020 జాతీయ విద్యా విధానంలో ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లల్ని గుర్తించి ప్రోత్సహించాలని రాశారు. మా మీటింగుల్లో మాత్రం బరువు, ఎత్తు, టీకాలు అడుగుతారు. అవీ కావాలి, కాదనను. వీడు అడిగేదానికి బదులు చెప్పడానికి మాత్రం నేను ఒక్కదాన్నే ఉన్నాను. వచ్చే జూన్‌లో వీడు బడికి వెళ్ళిపోతే అక్కడి టీచరుకి ఈ ఓడ సంగతి ఎవరు చెప్తారా అన్నదే నా దిగులు.

గాజువాక నాన్న

టీచరుగారూ, మీరు రాసింది ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. ఆ ఓడ సంగతి తేదీతో సహా ఒక కాగితం మీద రాసి, బాబు బడిలో చేరేటప్పుడు వాళ్ళమ్మ చేతికి ఇవ్వండి. మా అమ్మాయికి రిపోర్టు చేసిన పని ఆ కాగితం కొంతైనా చేస్తుంది.

అయితే ఒక మాట. ప్రతి టీచరూ మీలా ఆగి "ఎలగ తెలిసిందిరా" అని అడగరు. మా అమ్మాయిని రెండేళ్ళపాటు ఎవరూ అడగలేదు. అడగనిచోట పరీక్షే దిక్కు. నా మాట మీద నేనున్నాను.

ఉక్కునగరం తాతయ్య

బాబూ, మీ అమ్మాయి విషయంలో పరీక్ష మంచే చేసింది, ఒప్పుకుంటున్నాను. ఇబ్బంది ఉన్నప్పుడు చేయించడం ఒకటి, తరగతి దాటించడానికి చేయించడం ఇంకొకటి. నా అభ్యంతరం రెండోదానికే. ఇంకో సంగతి, 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ చదవండి. బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లలకి గానీ తల్లిదండ్రులకి గానీ వడపోత పరీక్ష పెట్టకూడదు. ఒకటో తరగతిలో చేర్చాలంటే రిపోర్టు తెమ్మనడం ఏమిటని ఆ స్కూలువాళ్ళని అడగండమ్మా.

మద్దిలపాలెం కౌన్సిలర్

తరగతి దాటించడం గురించి చిన్న లెక్క. ఒకే ఎల్‌కేజీలో జూన్‌లో పుట్టినవాడూ, మరుసటి మేలో పుట్టినవాడూ కూర్చుంటారు. నాలుగేళ్ళ వయసులో పదకొండు నెలల తేడా అంటే దాదాపు జీవితంలో నాలుగోవంతు. టీచర్లు చురుకైనవాడని చెప్పేది చాలాసార్లు వయసులో పెద్దవాడినే. మీ బాబు నెల ఏదో చూసుకోండి. పెద్ద తరగతుల్లో అన్ని విధాలా సిద్ధంగా ఉన్న పిల్లలకి దాటించడం మేలు చేస్తుంది, అందుకు నేనే రాసిచ్చిన సందర్భాలున్నాయి. గుండీ పెట్టుకోలేని పిల్లాడిని ఆరేళ్ళ వాళ్ళ మధ్య కూర్చోబెడితే మాత్రం రోజంతా అతనికి కనిపించేది తనకు రానిదే.

ఎంవీపీ కాలనీ అమ్మ

అందరికీ నమస్కారం. పది రోజులు పట్టింది జవాబివ్వడానికి.

వేలిముద్రలు వద్దని స్కూల్లో చెప్పేశాం. తాతయ్యగారు చెప్పిన సెక్షన్ గురించి మా ఆయనే అడిగారు, మేడమ్‌తో మాట్లాడి చెప్తామన్నారు. పిల్లల డాక్టరుకి చూపించాం. చెవి, కన్ను బాగున్నాయి. వేళ్ళ బలానికి చపాతీ పిండి పిసకమన్నారు, ఆరు నెలలాగి మళ్ళీ తీసుకురమ్మన్నారు. ఐక్యూ పరీక్ష ఇప్పుడు చేయించడం లేదు. ఒకటో తరగతికి వచ్చాక పాఠం దగ్గర ఇబ్బంది పడితే గాజువాక నాన్నగారిలాగే వెళ్తాం.

చదివింది అర్థమవుతోందా అని చూడమన్నారు కదా. నిన్న బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉంచిన కురుసుర సబ్‌మెరైన్ ముందు బోర్డు చదివి, "అమ్మా, ఇది నీళ్ళల్లో ఉండాలని రాశారు, మరి ఇసకలో ఎందుకుంది?" అన్నాడు. నాకు తెలిసింది చెప్పాను. విని కాసేపు ఊరుకుని, "మరి దీన్ని బయటికి ఎవరు లాగారు? తాడుతోనా?" అన్నాడు. వాళ్ళ నాన్న ఇంటికొచ్చాక వాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని దాని గురించే వెతుకుతున్నారు.