మొదటి గేర్ బండి: రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 తీసుకోవచ్చా?

ప్రశ్న: ఇన్నాళ్లూ స్కూటీయే, గేర్ బండి ముట్టుకోలేదు, హైటు 5.4, రోజూ ఉప్పల్ నుంచి హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో పోవాలి, మనసేమో క్లాసిక్ 350 మీదుంది, తీసుకోమంటారా అన్నా?

జవాబు: బ్రో అది 195 కిలోలు, నడుస్తుంటే తెలీదు గానీ పార్కింగ్‌లో వెనక్కి లాగేటప్పుడు, యూటర్న్‌లో కాలు పెట్టేటప్పుడు చుక్కలు కనిపిస్తాయి. హోండా షైన్ 125 చూడు, బాగా తేలిక, కాళ్లు నేలకి ఆనతాయి.

జవాబు: 2019 నుంచి 125 సీసీ దాటిన బండ్లకి ఏబీఎస్ (బ్రేక్ గట్టిగా కొట్టినా చక్రం లాక్ అయి జారకుండా చూసేది) కంపల్సరీ. వానలో సడెన్ బ్రేక్ కొడితే తెలుస్తుంది దాని విలువ, అందుకే నేనైతే 160 సీసీ అంటా.

జవాబు: ముందు లైసెన్స్ చూస్కో, గేర్ లేని బండి లైసెన్స్ దీనికి చెల్లదు. సెకండ్ హ్యాండ్ స్ప్లెండర్ మీద క్లచ్ నేర్చుకో, గీతలు పడ్డా ఏడుపు రాదు, తర్వాత అమ్మేయ్.

ప్రశ్న అడిగినవాడు: లైసెన్స్ గేర్ లేనిదే 😅 ముందు ఆర్టీఏ స్లాట్ బుక్ చేస్తా.