క్యూట్ ప్రాజెక్టుకు వీఎస్ కోడ్: టాస్క్‌లు చేత్తో రాయాలా, సీమేక్ వాడాలా?

కోడ్‌పిచ్చి:
విండోస్‌లో క్యూట్ 6 (విండోలు, బటన్లు చేసే సీ++ లైబ్రరీ), మింజీడబ్ల్యూ (జీ++ కంపైలర్ ఉండే ప్యాకేజీ) వేశాను. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో బిల్డ్ కమాండ్లు రాసే టాస్క్స్ డాట్ జేసన్ ఫైల్‌లో జీ++ కమాండ్, పాత్‌లు అన్నీ ఇచ్చాను. ఖాళీ విండో వస్తోంది. సొంత క్లాసులో క్యూ_ఆబ్జెక్ట్ అనే క్యూట్ మాక్రో పెట్టగానే 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు వీటేబుల్' అంటోంది. సీనియర్ సీమేక్ (బిల్డ్ మెట్లన్నీ తానే ఏర్పాటు చేసే టూల్) నేర్చుకోమంటున్నాడు. కాలేజీ ప్రాజెక్టుకి అంత అవసరమా?

నిశాచరుడు:
అవసరమే తమ్ముడూ. క్యూ_ఆబ్జెక్ట్ ఉన్న హెడర్‌ని ముందు మాక్ అనే టూల్ చదివి, దానికి ఇంకో సీ++ ఫైల్ రాసిపెడుతుంది. ఆ ఫైల్‌ని కూడా కంపైల్ చేసి లింక్ చేయాలి. నీ జీ++ లైన్ ఆ పని చేయదు. సీమేక్‌లో ఆటోమాక్ ఆన్ చేస్తే అదే చూసుకుంటుంది.

పాతకాపు:
నేను ఒప్పుకోను. మాక్‌ని ఇంకో టాస్క్‌గా పెట్టి, డిపెండ్స్‌ఆన్‌తో (ముందు ఏ టాస్క్ నడవాలో చెప్పే సెట్టింగ్) కంపైల్ టాస్క్‌కి ముడిపెడితే సరి. లోపల ఏం జరుగుతోందో తెలియకుండా సీమేక్ పట్టుకున్నవాళ్లు ఎర్రర్ వస్తే బిల్డ్ ఫోల్డర్ డిలీట్ చేసి కూర్చుంటారు. క్యూట్ లాంటిదే ఇంకో లైబ్రరీ జీటీకే 4 అయితే ఈ మాక్ గొడవే లేదు, పీకేజీ-కాన్ఫిగ్ అనే టూల్ ఇచ్చే కంపైలర్ ఫ్లాగులు చాలు.

నిశాచరుడు:
అడిగింది క్యూట్ గురించి అన్నా! రేపు ఇంకో పది క్లాసులొస్తే ప్రతి హెడర్‌కీ మాక్ లైన్ రాస్తూ కూర్చోవాలా? పైగా ఆ పాత్‌లన్నీ ఇతని లాప్‌టాప్‌వి, టీమ్‌లో ఇంకొకరి దగ్గర పనిచేయవు. క్యూట్ 6 వాళ్లే తమ లైబ్రరీని సీమేక్‌తో బిల్డ్ చేస్తున్నారు.

హలోవిండో:
ఇద్దరూ ఒకటి మర్చిపోయారు. ఇంక్లూడ్ లైన్ కింద ఎర్ర గీత పోవడం వేరు, బిల్డ్ అవడం వేరు. సీ_సీపీపీ_ప్రాపర్టీస్ ఫైల్‌లో ఎన్ని పాత్‌లు ఇచ్చినా అవి ఇంటెలిసెన్స్‌కే (ఎడిటర్‌లో ఆ గీతలు, సూచనలు చూపేది), కంపైలర్ వాటిని చూడదు. చాలామంది అక్కడే గంటలు పోగొట్టుకుంటారు (నా దగ్గరికొచ్చే జూనియర్లంతా ఇదే బాపతు). సీమేక్ టూల్స్ ఎక్స్‌టెన్షన్ వేస్తే రెండింటికీ ఒకే చోటి నుంచి సమాచారం వెళ్తుంది.

కోడ్‌పిచ్చి:
సరే, సీమేక్ రాశాను. ఫైండ్_ప్యాకేజ్ దగ్గర క్యూట్6 దొరకలేదంటోంది.

హలోవిండో:
సీమేక్_ప్రిఫిక్స్_పాత్‌కి క్యూట్ ఫోల్డర్‌లోని మింజీడబ్ల్యూ_64 ఇవ్వండి. సీమేక్ టూల్స్‌లో కిట్ (ఏ కంపైలర్ వాడాలో చెప్పేది) కూడా మింజీడబ్ల్యూదే ఎంచుకోండి. ఎంఎస్‌వీసీ (మైక్రోసాఫ్ట్ కంపైలర్) కిట్ పెడితే లింక్ అవదు. రన్ చేశాక డీఎల్ఎల్ (లైబ్రరీ ఫైల్) లేదంటే మింజీడబ్ల్యూ_64లోని బిన్ ఫోల్డర్‌ని విండోస్ పాత్ వేరియబుల్‌లో చేర్చాలి.

కోడ్‌పిచ్చి:
వచ్చేసింది! బటన్ కూడా పనిచేస్తోంది. థాంక్యూ అక్కా.

పాతకాపు:
సంతోషం. ఇప్పుడు బిల్డ్ ఫోల్డర్‌లో ఆటోజెన్ అని ఒకటుంటుంది, అందులో మాక్ రాసిన ఫైల్ తెరిచి చదువు. అప్పుడు మళ్లీ వాదించుకుందాం.