అరబిక్‌లో ద్వితీయా విభక్తికి అలిఫ్ ఎప్పుడు రాయాలి?

ప్రశ్న:
నమస్కారం. అరబిక్ నామవాచకం ప్రథమలో 'కితాబున్' (పుస్తకం), షష్ఠిలో 'కితాబిన్' అయినప్పుడు అక్షరాలు మారవు, చివరి 'న్' ధ్వనిని తెలిపే తన్వీన్ గుర్తు ఒక్కటే మారుతుంది. ద్వితీయలో 'కితాబన్' అనేసరికి చివర అలిఫ్ (దీర్ఘ 'ఆ'కు రాసే అక్షరం) చేరుతోంది. అయితే 'మద్రసతన్' (బడి), 'మసాఅన్' (సాయంత్రం) అన్న మాటలకు ఆ అలిఫ్ లేదు, 'జుజ్అన్' (భాగం)కు మళ్లీ ఉంది. ఒక్కొక్క మాటనూ కంఠస్థం చేయవలసిందేనా?

మొదటి జవాబు:
అక్కరలేదండి. ఏ మాటనైనా దాని దగ్గర ఆగి పలికితే ఎలా వినబడుతుందో అలా రాయడం అరబిక్ లిపికి మూలసూత్రం. ఆగినప్పుడు 'కితాబున్', 'కితాబిన్' రెండూ 'కితాబ్' అయిపోతాయి కనుక రాతలో ఏమీ చేరదు; 'కితాబన్' మాత్రం 'కితాబా' అని దీర్ఘంతో నిలుస్తుంది, ఆ దీర్ఘమే మీకు కనబడుతున్న అలిఫ్. 'మద్రసతన్' దగ్గర ఆగితే చివరి తకారం హకారమవుతుందే తప్ప దీర్ఘం రాదు, అందుకే తా మర్బూతా (ఇలాంటి మాటల చివర వచ్చే ఆ తకారం) తరువాత అలిఫ్ ఉండదు.

హమ్జా (గొంతు బిగబట్టి పలికే ధ్వనికి గుర్తు) సంగతి వేరు. 'మసాఅన్'లో హమ్జాకు ముందే ఒక అలిఫ్ ఉంది కనుక వెనుక మరొకటి రాయరు. 'ఖతఅన్' (తప్పు)లో హమ్జా అలిఫ్ మీదే ఉంటుంది, అక్కడా రాయరు. 'జుజ్అన్'లో ముందున్నది జాయ్ అనే హల్లు కాబట్టి అలిఫ్‌కు అడ్డు లేదు. పైగా జాయ్ తరువాతి అక్షరంతో కలవదు, అందువల్ల హమ్జా విడిగా నిలుస్తుంది. 'షైఅన్' (వస్తువు)లో ముందున్న యా కలిసే అక్షరం కావడంతో హమ్జా చుక్కలు లేని యా మీదికెక్కి అలిఫ్‌తో కలుస్తుంది.

రెండవ జవాబు:
దీనికన్నా ఎక్కువ మంది తడబడేది సర్వనామం చేరినప్పుడు. 'అతని మిత్రులు' అన్న మాట ప్రథమలో 'అస్దిఖాఉహు', అక్కడ హమ్జా వావ్ అనే అక్షరం మీద ఉంటుంది. ద్వితీయలో 'అస్దిఖాఅహు', హమ్జా ఒంటరిగా ఉంటుంది. షష్ఠిలో 'అస్దిఖాఇహి', హమ్జా యా మీద ఉంటుంది. అచ్చుల గుర్తులు లేకుండా ముద్రించే పత్రికలో కూడా ఇక్కడ విభక్తి తప్పు దాగదు, అది అక్షరదోషంగానే బయటపడుతుంది. కాబట్టి వాక్యంలో ఆ మాట కర్తో కర్మో తేల్చుకున్నాకే హమ్జా రాయండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. 'అమ్ర్' అన్న పేరు చివర పలకని వావ్ రాయడం, ద్వితీయలో అది మాయం కావడం కూడా ఈ సూత్రం వల్లనేనా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
వావ్ పెట్టడానికి కారణం వేరు, అది పోవడానికి కారణం మాత్రం ఈ అలిఫే. అచ్చు గుర్తులు లేకపోతే 'అమ్ర్', 'ఉమర్' ఒకేలా కనిపిస్తాయి, ఆ తేడా కోసం మొదటిదానికి వావ్ చేర్చారు. 'ఉమర్' తన్వీన్ పుచ్చుకోని పేరు, దానికి ఎన్నడూ ఈ అలిఫ్ రాదు, 'అమ్రన్'కు వస్తుంది. ద్వితీయలో అలిఫే రెండు పేర్లనూ వేరు చేస్తున్నప్పుడు వావ్‌తో ఇక పనిలేదు.