కొత్త సంస్థకు తొలి కస్టమర్లు: బ్లాగు మీద సమయం పెట్టాలా, సోషల్ మీడియా మీదా?

ప్రశ్న:
నమస్కారం. చిన్న వ్యాపారులు స్టాకు లెక్కలు చూసుకోవడానికి పనికివచ్చే సాఫ్ట్‌వేర్‌ను మేము ఇద్దరం కలిసి తయారుచేసి అమ్మకానికి పెట్టాము. ప్రకటనలకు ఖర్చుపెట్టే స్తోమత లేదు కనుక ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, లింక్డ్‌ఇన్, ఎక్స్ నాలుగింటిలోనూ ఖాతాలు తెరిచి రోజూ ఏదో ఒకటి పెడుతున్నాము. లైకులు బాగానే వస్తున్నాయి కానీ, వాటిని నొక్కేవారిలో ఎక్కువమంది మాలాగే స్టార్టప్ నడుపుతున్నవారే తప్ప సరుకు కొని అమ్మేవారు కారు. ఇక బ్లాగులో మా సాఫ్ట్‌వేర్ సదుపాయాల గురించి రాసిన వ్యాసాలను చదివే నాథుడే లేడు. ఉన్న కాస్త సమయాన్ని దేనికి కేటాయించాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

మొదటి జవాబు:
మీ పేరే తెలియనివారికి మీ సదుపాయాల గురించి చదవాలని ఎందుకు అనిపిస్తుంది? వ్యాపారి గూగుల్‌లో వెతికేది తన తలనొప్పికి మందు. పుస్తకంలో 40 పెట్టెలు కనిపిస్తుంటే గోదాములో 36 మాత్రమే ఎందుకున్నాయి, తిరిగివచ్చిన సరుకును లెక్కలో ఎక్కడ చూపాలి, గడువు తీరబోయే సరుకును ముందే ఎలా కనిపెట్టాలి అన్న ప్రశ్నలకు, మీ సాఫ్ట్‌వేర్ కొనకపోయినా పని జరిగేంత వివరంగా, ఒక్కొక్కదానికి ఒక్కొక్క వ్యాసం రాయండి. మొదటిదాన్నే తీసుకుంటే, సరుకు దిగినప్పుడు లెక్కపెట్టకుండా బిల్లులోని సంఖ్యనే ఎక్కించడం, పగిలినవాటిని రాయకపోవడం, పెట్టెల లెక్కన కొన్నదాన్ని విడిగా అమ్మడం అంటూ కారణాలను విడదీసి, చివర ఒక ఎక్సెల్ షీటును ఉచితంగా ఇవ్వవచ్చు. ఆ షీటును కొన్నాళ్లు నింపి విసిగినవారే మీ దగ్గరికి వస్తారు.

ఇది కొత్త దారి కాదు. సొంత ఖర్చుల లెక్కలు చూపిన మింట్ సంస్థ (2024లో మూతపడింది) 2007లో సేవను ప్రారంభించకముందే డబ్బు వ్యవహారాల మీద బ్లాగు నడిపి, ఆసక్తి ఉన్నవారి ఈమెయిల్ చిరునామాలను సేకరించుకుంది. 37సిగ్నల్స్ సంస్థ 2004లో పనుల నిర్వహణకు వాడే బేస్‌క్యాంప్ సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసేనాటికి, కొన్నేళ్లుగా తమ బ్లాగును చదువుతున్నవారు దానికి సిద్ధంగా ఉన్నారు.

రెండవ జవాబు:
పై సలహాతో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే కొత్త సైటు గూగుల్ ఫలితాల్లో పైకి రావడానికి నెలలు పట్టవచ్చు, అందాకా చేతులు కట్టుకుని కూర్చోలేరు కదా. నాలుగు ఖాతాల్లో మూడింటిని పక్కన పెట్టి, వ్యాపారులు ఇప్పటికే మాట్లాడుకుంటున్న గ్రూపులలో చేరండి. ఎవరైనా స్టాకు గురించి అడిగినప్పుడు లింకు పడేసి వెళ్లిపోకుండా, జవాబు మొత్తం అక్కడే రాయండి. పనికివచ్చే మాట చెప్పినవారి ప్రొఫైల్‌ను జనం వాళ్లంతట వాళ్లే తెరిచి చూస్తారు. సోషల్ మీడియా పోస్టులను ముందే సిద్ధం చేసి సమయానికి పంపే సేవను అందించే బఫర్ సంస్థ తొలి రోజుల్లో తమ బ్లాగుకు పాఠకులు లేనప్పుడు, ఇతరుల బ్లాగులకు వ్యాసాలు రాసి ఇచ్చి వాడుకదారులను సంపాదించుకుంది.

ఫాలోయర్ల సంఖ్యను మాత్రం ఆస్తిగా లెక్కవేయకండి. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన న్యూస్‌ఫీడ్‌లో స్నేహితుల, కుటుంబ సభ్యుల పోస్టులకు ప్రాధాన్యం పెంచినప్పుడు, వ్యాపార పేజీల పోస్టులు తక్కువమందికి చేరతాయని తానే ప్రకటించింది. సొంతంగా మిగిలేది ఈమెయిల్ జాబితా ఒక్కటే, కాబట్టి ఎక్సెల్ షీటును ఈమెయిల్‌కే పంపే ఏర్పాటు చేసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఏ వ్యాసం చదివి కస్టమర్ వచ్చారో ఎలా తెలుస్తుంది?

మూడవ జవాబు:
మీరు పంచుకునే ప్రతి లింకుకూ యూటీఎం ట్యాగు (ఆ లింకును ఎక్కడ పంచుకున్నారో తెలిపేలా దాని చివర చేర్చే గుర్తు) తగిలిస్తే, ఎంతమంది ఎక్కడినుంచి వచ్చారో సైటు సందర్శకుల లెక్కలు చూపే గూగుల్ అనలిటిక్స్‌లో విడివిడిగా కనిపిస్తుంది. అయితే ట్యాగు లేని లింకును ఎవరైనా వాట్సాప్‌లో పంపుకుంటే, దాని ద్వారా వచ్చినవారు నేరుగా వచ్చినట్లే నమోదవుతుంటారు. అందుకని రిజిస్ట్రేషన్ ఫారంలో "మా గురించి ఎక్కడ తెలిసింది?" అన్న ఒక్క ప్రశ్న పెట్టి, జవాబును వారి మాటల్లోనే రాయనివ్వండి, నా దృష్టిలో అన్ని గ్రాఫులకంటే అదే నమ్మదగినది. గూగుల్ సెర్చ్ కన్సోల్‌ను కూడా చూస్తుండండి, జనం ఏ మాటలతో వెతికితే మీ పేజీలు ఎన్నో స్థానంలో కనిపిస్తున్నాయో అందులో ఉంటుంది. గూగుల్ ఫలితాల్లో రెండో పేజీ దాకా వచ్చి ఆగిన వ్యాసం ఏదైనా కనబడితే, కొత్తది రాసేముందు దానికే మెరుగులు దిద్దండి.