కరెంటు లేని మామిడి తోటలో డిష్ పెట్టి టీవీ చూడాలంటే ఎట్లా? (పలమనేరు దగ్గర, అడవి అంచున)

పలమనేరు_తోట:

అందరికీ నమస్కారం. మాది పలమనేరు దగ్గర పల్లె. కౌండిన్య అడవికి ఆనుకుని నాలుగెకరాల మామిడి తోట ఉంది, ఎక్కువ తోతాపురి, గట్టు వెంబడి కొన్ని బేనీషా చెట్లు. ఏప్రిల్ నుంచి ఫ్యాక్టరీకి కాయ తోలేదాకా, అంటే జులై వరకూ, మా నాయన రాత్రుళ్ళు తోటలోనే పడుకుంటాడు. రేకుల షెడ్డు, నులక మంచం, టార్చిలైటు, అంతే. కరెంటు లైను అక్కడిదాకా రాలేదు. ఫోన్ సిగ్నల్ గట్టెక్కితే ఒక గీత వస్తుంది, షెడ్డులో అదీ లేదు, కాబట్టి ఫోన్‌లో చూసుకోమనే సలహా మాకు పనికిరాదు.

పోయినేడాది వరకూ అమ్మ కూడా వెళ్ళేది, ఇద్దరూ మాట్లాడుకుంటూ పొద్దుపుచ్చేవాళ్ళు. ఈ ఏడు అమ్మకి మోకాళ్ళు పట్టేసి ఇంట్లోనే ఉంది, నాయన ఒక్కడే. ఆయన నోరు తెరిచి ఏమీ అడగడు. మొన్న రాత్రి క్యారియర్ తీసుకుని పోతే పాత రేడియో చెవికి ఆనించుకుని ముల్లు తిప్పుతూ కూర్చున్నాడు, గరగర తప్ప ఏమీ రావట్లేదు, అయినా ఆపకుండా తిప్పుతూనే ఉన్నాడు. అది చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

టౌన్‌లో ఒక షాపులో అడిగితే ఇన్వర్టరు, పెద్ద బ్యాటరీలు, మూడు ప్యానెళ్ళు అని 40 వేలు చెప్పారు. చుట్టూ చెట్లు, వెనక కొండ, అసలు సిగ్నల్ రాదేమో అని కూడా అన్నారు. నిజమేనా? నెలనెలా రీచార్జ్ లేకుండా అయ్యే దారి ఉంటే చెప్పండి. వార్తలు, అప్పుడప్పుడు క్రికెట్, పాత సినిమాలు వస్తే నాయనకి చాలు.

డిష్_పని_తిరుపతి:

తమ్ముడూ, చెట్ల గురించి టెన్షన్ పడొద్దు. పదిహేనేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, మన వైపు చెట్లు అడ్డమొచ్చి డిష్ పెట్టలేకపోయిన ఇల్లు చాలా తక్కువ.

రీచార్జ్ వద్దంటున్నావు కాబట్టి డీడీ ఫ్రీ డిష్ పెట్టుకో. డిష్షూ బాక్సూ ఒకసారి కొంటే అంతే, తర్వాత ఎవరికీ రూపాయి కట్టే పని లేదు. అది జీశాట్-15 ఉపగ్రహం మీద వస్తుంది, 93.5 డిగ్రీల తూర్పున, 2015 నవంబరులో పంపింది. పలమనేరు నుంచి చూస్తే దిక్సూచిలో 131 డిగ్రీలు, అంటే సరిగ్గా ఆగ్నేయానికి నాలుగు డిగ్రీలు తూర్పుకి. ఎత్తు ఎంతో తెలుసా, 67 డిగ్రీలు! ఈ ఉపగ్రహాలు భూమధ్యరేఖ మీద 36 వేల కిలోమీటర్ల పైన ఉంటాయి, మనం ఆ రేఖకి దగ్గర కాబట్టి మనకి దాదాపు నడినెత్తి మీద కనబడతాయి. అదే ఢిల్లీలో అయితే 52 డిగ్రీలే. లెక్క వేసుకో, 20 అడుగుల మామిడి చెట్టు ఉందంటే దానికి తొమ్మిది పది అడుగుల ఇవతల డిష్ పాతినా సిగ్నల్ చెట్టు మీదుగా వచ్చేస్తుంది. కొండ వెనక ఉందన్నావు, అది ఆగ్నేయంలో నిట్టనిలువు బండలాగా షెడ్డు మీదికి ఒరిగి ఉంటే తప్ప అడ్డం కాదు.

కొత్తగా పెట్టేవాళ్ళు ఒకచోట బోల్తా పడతారు. 67 డిగ్రీలు అన్నారు కదా అని గిన్నెను ఆకాశంలోకి మల్లకిలా తిప్పేస్తారు. మన చిన్న డిష్షులు ఆఫ్‌సెట్ రకం, కింది నుంచి వచ్చే చెయ్యికి ఎల్ఎన్‌బీ, అంటే సిగ్నల్ పట్టుకునే చిన్న డబ్బా, ఉంటుంది చూడు, అందువల్ల డిష్ ముఖం చూడటానికి 45 డిగ్రీల దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది, అయినా అది పట్టుకునేది 67 నుంచే. వెనక బ్రాకెట్ మీద అంకెలు ఉంటాయి, వాటినే నమ్ముకో, కంటిని కాదు. అంతకంటే ముందు పైపు నిలువుగా ఉండాలి, తూకంగుండు కట్టి చూడు. పైపు వాలితే బ్రాకెట్ అంకెలన్నీ అబద్ధమే చెప్తాయి.

రేకుల మీద మాత్రం పెట్టొద్దు. గాలికి రేకు అదిరితే బొమ్మ పోతుంది, పైగా కోతులు. తిరుపతిలో నేను మళ్ళీ మళ్ళీ సరిచేసే డిష్షుల్లో సగం కోతులు ఊగినవే. నేలలో రెండడుగుల గుంత తీసి, పైపు నిలబెట్టి కాంక్రీటు పోసెయ్. కేబుల్ ఆర్‌జీ-6 తీసుకో, వంద అడుగుల లోపు ఉంటే ఏ బాధా లేదు, ప్లాస్టిక్ పైపులో దూర్చి తీసుకురా, ఉడుతలు కొరికేస్తాయి.

ఛానళ్ళ సంగతి. డీడీ సప్తగిరి, మన ఏడుకొండల పేరు మీదున్నదే, కచ్చితంగా వస్తుంది, డీడీ యాదగిరి కూడా. డీడీ స్పోర్ట్స్‌లో ఇండియా ఆడేవి కొన్ని వేస్తారు. ప్రైవేటు ఛానళ్ళు వేలంలో చోటు కొనుక్కుంటాయి కాబట్టి ఏటేటా మారతాయి, కొనే ముందు ఇప్పుడున్న పట్టీ ఒకసారి చూసుకో.

చిత్తూరు_సోలార్:

డిష్ సంగతి అన్న చెప్పేశాడు. 40 వేల మాట విని నాకు బాధేసింది, మీకు ఇన్వర్టరే అక్కర్లేదు.

చిన్న ఎల్ఈడీ టీవీల్లో 12 వోల్టుల డీసీ మీద నడిచేవి దొరుకుతాయి, 24 అంగుళాలది 25 వాట్ల దగ్గర తింటుంది. ఫ్రీ డిష్ బాక్సుల్లో చాలావాటికి వచ్చే అడాప్టరు కూడా 12 వోల్టులదే, వెనక రాసి ఉంటుంది చూసి కొనండి. రెండూ బ్యాటరీ నుంచే నేరుగా నడుస్తాయి. ఇన్వర్టరు పెడితే 12ని 230 చేసి, మళ్ళీ అడాప్టరు దాన్నే 12కి దించాలి, మధ్యలో పోయే కరెంటంతా ఊరికే వేడి. టీవీ 25, బాక్సు 10, మొత్తం 35 వాట్లు, రోజుకి నాలుగు గంటలు చూస్తే 140 వాట్ అవర్లు. రెండు చిన్న బల్బులు కలిపి 190 అనుకోండి. 12 వోల్టుల 40 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీలో 480 వాట్ అవర్లు ఉంటాయి, లెడ్ యాసిడ్‌ని సగానికి మించి వాడకపోతే ఎక్కువ కాలం వస్తుంది, ఆ సగంలోనే మీ పని అయిపోతుంది. 100 వాట్ల ప్యానెల్ ఒక్కటి చాలు, మన ఎండలకి నష్టాలన్నీ పోను రోజుకి 300 పైనే ఇస్తుంది.

కానీ డిష్‌కి చెట్టు అడ్డం కాదు గానీ ప్యానెల్‌కి ఒక్క కొమ్మ నీడ పడినా దెబ్బే. మూల మీద నీడ పడితే మూల వరకే తగ్గుతుందనుకుంటారు, అట్లా కాదు, మొత్తం చాలా పడిపోతుంది. ప్యానెల్ రేకుల మీదికి ఎక్కించండి, దక్షిణం వైపు వాలు.

ఇంకో ముఖ్యమైన మాట. బ్యాటరీ 12 వోల్టులంటాం గానీ మధ్యాహ్నం ఛార్జ్ అవుతున్నప్పుడు 14.4 దాకా పోతుంది. టీవీకి అది నేరుగా తగిలితే బోర్డు పోయే ప్రమాదం ఉంది. మధ్యలో 12 వోల్టులే బయటికిచ్చే రెగ్యులేటరు ఒకటి పెట్టండి, చిన్న డబ్బాలా ఉంటుంది. బ్యాటరీ పక్కనే 10 ఆంపుల ఫ్యూజు. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది వాడండి. ఒక చదరపు మిల్లీమీటరు వైరు పదిమీటర్లు లాగితే మూడు ఆంపులకే దారిలో ఒక వోల్టు పోతుంది, అప్పుడు టీవీ వెలుగుతూ ఆరుతూ ఉంటే టీవీదే తప్పనుకుంటారు.

కుప్పం_అక్క:

తమ్ముడూ, మీ నాయన గురించి నువ్వు రాసింది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మాదీ అడవి పక్క చేనే. టీవీ పెట్టు, తప్పకుండా పెట్టు, కానీ సౌండు మాత్రం మంచం దాకా వినబడేంతే ఉండాలి.

ఏనుగు వచ్చేది కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. ఎండుపుల్ల విరిగిన శబ్దం, పనస కొమ్మ ఫటేలుమనడం, కొన్నిసార్లు కడుపులోంచి వచ్చే గుర్రుమనే మోత. మా మామయ్య రెండేళ్ళ కిందట టీవీ గట్టిగా పెట్టుకుని ఉన్నాడు, గుంపు చేలోకి దిగినాక గానీ తెలియలేదు. ఆ రోజు ఆయన వెనక తలుపు నుంచి బయటపడ్డాడు. అందుకని టీవీని అడవికి అవతలి వైపు గోడకి పెట్టొద్దు, మీ నాయన అడవికి వీపు పెట్టి కూర్చునేలా ఉండకూడదు. దూరంగా గుంపు ఉందని ఫారెస్టు ట్రాకర్లు చెప్పిన రోజు అసలు టీవీ వేయొద్దను, కాపలా మానేసి ఇంటికి రమ్మను. కాయలు పోతే పోనీ.

ఇంకోటి, సోలార్ పెట్టారు కదా అని ఆ కరెంటుని కంచె తీగకి కలిపే ఆలోచన ఎవరైనా చెప్పినా వినొద్దు. తీగలకి తగిలి ఏనుగులు చచ్చిపోయినవీ మనుషులు చచ్చిపోయినవీ మన వైపు జరిగాయి.

పలమనేరు_తోట:

అందరికీ చెప్పలేనంత థాంక్స్. అక్కా, మీరు చెప్పింది నాకు తట్టనే లేదు. టీవీని తలుపు పక్క గోడకి పెట్టిస్తాను, అక్కడైతే నాయన అడవి వైపుకి తిరిగి కూర్చుంటాడు.

డిష్ అన్నా, ఒక డౌటు. ఇవాళ తిప్పి చూస్తే బాక్సులో స్ట్రెంగ్త్ 80 చూపిస్తోంది, బొమ్మ మాత్రం రాలేదు. ఎల్ఎన్‌బీ పాడైందా?

డిష్_పని_తిరుపతి:

పాడవలేదు. స్ట్రెంగ్త్ అంటే ఎల్ఎన్‌బీ బతికుంది, వైరు బాగుంది అని మాత్రమే, గోడకి తిప్పి పెట్టినా అది చూపిస్తుంది. కింద క్వాలిటీ అని రెండో గీత ఉంటుంది, నువ్వు చూడాల్సింది అదే. వెంట్రుకవాసి తిప్పు, ఆగు, మూడు లెక్కపెట్టు, బాక్సు ఆలస్యంగా చూపిస్తుంది. ఒకటిన్నర డిగ్రీ పక్కకి పోతే ఇంకో ఉపగ్రహం మీద పడతావు. దిక్సూచి చూసేది ఫోన్‌లోనైతే రేకులకి, ఇనప పైపుకి పదడుగుల దూరంగా నిలబడి చూడు, ఇనుము దగ్గర అది తప్పు చూపిస్తుంది. క్వాలిటీ వచ్చాక ఎల్ఎన్‌బీని దాని క్లాంపులోనే కొంచెం కుడికీ ఎడమకీ తిప్పు, ఇంకా పెరుగుతుంది. అన్నీ బిగించాక పైపు మీద, బ్రాకెట్ మీద పెయింటుతో గీత గీసి పెట్టుకో. సీజన్ అయ్యాక విప్పి ఇంటికి తెచ్చుకున్నా, వచ్చే ఏడు గీతకి గీత కలిపితే చాలు.

పలమనేరు_తోట:

మూడు వారాలయ్యింది, ఏమైందో చెప్తాను. ఫోన్ రేకుల కింద పెట్టి చూడటమే నా తప్పు, ఇరవై డిగ్రీల తేడా వచ్చింది. గట్టు మీద నిలబడి చూసి, ఆ దిక్కులో ఒక రాయి గుర్తు పెట్టుకుని తిప్పితే క్వాలిటీ సున్నా నుంచి ఒక్కసారిగా 58కి పోయింది, ఎల్ఎన్‌బీ తిప్పితే 71. మొత్తం ఖర్చు 18 వేల దాకా అయ్యింది, అందులో టీవీదే ఎక్కువ.

నాయన ఎనిమిదికి పెట్టుకుంటాడు, వార్తలు, పాట కచేరీ ఏదైనా ఉంటే అది, పదికి కట్టేసి టార్చి తీసుకుని ఒక చుట్టు తిరిగొస్తాడు. మొన్న శనివారం పెద్ద వాన పడి బొమ్మ గళ్ళుగళ్ళుగా అయ్యి పోయిందంట, ఏదో పాడుచేశానని భయపడి తెల్లారి నడుచుకుంటూ ఇంటికొచ్చి చెప్పాడు. గట్టి వానకి అట్లా పోతుంది, మబ్బు తేలగానే అదే వస్తుంది నాయనా అన్నాను. ఉరుములు ఉంటే మాత్రం డిష్ వైరు బాక్సు నుంచి పీకేయమని చూపించాను. ఈ ఆదివారం అమ్మని బండి మీద తోటకి తీసుకెళ్తున్నాను, ఆమె ఇంకా చూడలేదు.