అమ్మానాన్నలతో జైసల్మేర్: ఉరుకులు పరుగులు లేకుండా ఎలా?

గుత్తిరోడ్డు: అనంతపురం నుంచి అమ్మానాన్న, చెల్లెలి కుటుంబం, మా పిల్లలు, అందరం కలిసి డిసెంబర్ ఆఖర్లో ఎడారికి వెళ్దామనుకుంటున్నాం. ట్రావెల్స్ వాళ్లు ఇచ్చిన ప్లాన్‌లో జైపూర్, జోధ్‌పూర్, జైసల్మేర్, ఉదయ్‌పూర్ అన్నీ ఐదు రోజుల్లో కుక్కేశారు, చదువుతుంటేనే ఆయాసం వచ్చింది. మాకు ఒకచోట కూర్చొని టీ తాగుతూ పొద్దు గూకడం చూస్తే చాలు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, పైగా అన్నం లేకుండా ఉండలేదు. నాన్నేమో "ఇసుక చూడ్డానికి అంత దూరమెందుకురా, మన జిల్లాలోనే ఇసుక దిబ్బలుండే కణేకల్లు పోతే సరిపోదా" అంటున్నాడు. వెళ్లొచ్చిన వాళ్లు చెప్పండి.

సీమపిల్ల: ఆ ప్లాన్ చించేయండి అన్నా. బెంగళూరులో విమానం ఎక్కి జోధ్‌పూర్‌లో దిగి, ఆ రాత్రి అక్కడే పడుకొని, పొద్దున్నే కారు మాట్లాడుకుంటే పోఖ్రాన్ మీదుగా జైసల్మేర్ 280 కిలోమీటర్లు, రోడ్డు బాగుంటుంది. మిగతా రోజులన్నీ అక్కడే. ఇసుక తిన్నెలు చూడాలంటే అందరూ సామ్ పొమ్మంటారు, ఊరికి నలభై కిలోమీటర్లు, కానీ సాయంత్రమైతే జీపులు, డీజే మోత, జాతరే. మీరు అడిగిన ప్రశాంతత ఖూరీ అనే ఊరి తిన్నెల వైపు దొరుకుతుంది. ఒంటె ఎక్కక తప్పదా అంటే, అమ్మను మాత్రం ఎక్కించొద్దు. అది లేచేటప్పుడు మొదట వెనక కాళ్లు లేపుతుంది, మనం ఒక్కసారిగా ముందుకు తూలిపోతాం, వెనక్కి వాలి గట్టిగా పట్టుకోవాలి. దిగేటప్పుడూ అదే కుదుపు. పెద్దవాళ్లకు ఒంటె బండి ఉంటుంది, దిండు వేసుకొని హాయిగా కూర్చోవచ్చు. పొద్దు గూకగానే ఇసుక చల్లబడిపోతుంది, రాత్రి చలికి మంకీ క్యాపు, స్వెటరు లేకపోతే పళ్లు టకటకలాడతాయి. గుడ్డ టెంటు వద్దు, గోడలున్న గది, గీజరు ఉందా అని ఫోన్‌లోనే అడగండి.

తిండికి టెన్షన్ వద్దు. అక్కడి బాజ్రా రొట్టె మన సజ్జ రొట్టెనే, నెయ్యి కాస్త ధారాళంగా పోస్తారు. ముందే చెబితే అన్నం వండిపెడతారు, చెనిక్కాయల పొడి, ఊరగాయ మీరు పట్టుకెళ్తే అమ్మకు ఇంకేం అక్కర్లేదు.

కడపబస్టాండు: జైసల్మేర్ కోటలోపల హోటల్ తీసుకోకండి. 1156లో కట్టిన కోట, ఇప్పటికీ లోపల కుటుంబాలు కాపురముంటున్నాయి. వాడిన నీళ్లన్నీ అడుగుకు ఇంకి గోడలు దెబ్బతింటున్నాయి, మనం పోయి ఇంకో బాత్రూం నీళ్లు కలపడమెందుకు. పైగా నున్నటి రాళ్ల ఎత్తు, మోకాళ్లకు నరకం. బయట ఉండి, పొద్దున్నే గడీసర్ చెరువు గట్టున కూర్చోండి. పిల్లలకు పక్షులు ఇష్టమైతే డెజర్ట్ నేషనల్ పార్కులో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం చూడొచ్చు. మన రోళ్లపాడు అభయారణ్యం 1988లో పెట్టింది దాని కోసమే, ఇప్పుడు ఇక్కడ కనపడటమే గగనం.

హగరిగట్టు: మీ నాన్నగారు సరిగ్గానే అన్నారు! మన జిల్లా కూడా వాన తక్కువ పడే కరువు సీమే కదా. మాది కణేకల్లు పక్కనే. ఆషాఢం గాలికి హగరి ఏట్లోని ఇసుక లేచి పొలాల మీద దిబ్బలు పడుతుంది. ఒక ఆదివారం రండి, పిల్లలు ఎక్కి జారుతారు. కానీ ఆ దిబ్బ కింద ఉండేది ఒక రైతు చేను, అందుకే మా ఊరివాళ్లు దాన్ని చూసి ఎవరూ ఫొటో దిగరు. విహారానికైతే జైసల్మేరే వెళ్లండి.

గుత్తిరోడ్డు: అందరికీ థాంక్స్. ఖూరీలో రెండు చోట్ల ఫోన్ చేశాను, డిసెంబర్ ఆఖర్లో రేట్లు వింటే కళ్లు తిరిగాయి. సంక్రాంతి సెలవులకు జరుపుదామంటే అమ్మ పండక్కి ఇల్లు కదలదు. జనవరి 26 దగ్గరైతే ఎలా ఉంటుంది?

సీమపిల్ల: బాగుంటుంది, పిల్లలతో స్కూలు రెండు రోజులు ఎగ్గొట్టించాలి, అంతే. అయితే మాఘ పౌర్ణమితో ముగిసేలా మూడు రోజులు అక్కడ డెజర్ట్ ఫెస్టివల్, రూములు దొరకవు. పంచాంగం చూసుకొని టికెట్లు తీయండి.